మేనమామ దవడ

కిందటి వారం మిమ్మల్ని మా అన్నయ్య వాకిట్లో, ఉడికిన పంది చుట్టూ నిలబెట్టి నా దారిన నేను పోయాను. పాపం, కాళ్ళు పీకి ఉంటాయి. చాప వేశాను, కూర్చోండి. కూర ఇంకా వేడిగానే ఉంది, గొడవ కూడా.

ఇప్పుడే వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా పేరు దుమారియా. తోబా సరస్సు ఒడ్డున, పడవల రేవులో కాఫీ కొట్టు నాది. మా అన్నయ్య హుమాలా కూతురు టియుర్‌కి రేపు పెళ్ళి. పెళ్ళికి ముందురోజు మేనమామ వచ్చి పిల్ల భుజాల మీద ఉలోస్ శాలువా కప్పి దీవించాలి. ఆ నేతగుడ్డ పడనిదే మావాళ్ళలో పెళ్ళికూతురు గడప దాటదు. దానికి ముందు, ఇంట్లో కోసిన పంది దవడ మేనమామ ముందు పెట్టాలి. తల ఒకరికి, మెడ ఒకరికి, పక్కటెముకలు ఒకరికి అని తాతల నాడే తేలిపోయింది. ఎంత మాంసం వచ్చిందని ఎవరూ చూడరు. పెద్దమనిషి అరుగు మీద నిలబడి, ఫలానా వారి కొడుకు ఫలానా అని పేరు పెట్టి పిలుస్తాడు చూడండి, ఆ పిలుపు కోసమే మావాళ్ళు కొండలు దిగి వస్తారు.

మేనమామ జహోత్మన్‌ది పక్క ఊరే. పొలం గట్టు దగ్గర మా అన్నయ్యతో మాటా మాటా పెరిగి ఏళ్ళ తరబడి ఈ ఇంటి ముఖం చూడలేదు. మా వదిన లమ్రియా వెళ్ళి తమ్ముడి ముందు కూర్చుని ఏడిస్తే, చివరికి చంకలో శాలువా పెట్టుకుని వచ్చాడు. వచ్చి చాప మీద కూర్చుని ఇంకా నడుం సర్దుకోలేదు. మా అన్నయ్య దవడ పళ్ళెం రెండు చేతులా పట్టుకొచ్చి, ఆయన్ని దాటుకుని పోయి, ప్రార్థనా మందిరం గురువు మారిహోత్ ముందు పెట్టాడు. అక్కడే కదా మిమ్మల్ని వదిలాను.

జహోత్మన్ అరవలేదు. అరిచి ఉంటే నాకు హాయిగా ఉండేది, అరిచే మగవాళ్ళను రోజూ కొట్లో చూస్తూనే ఉంటాను. ఆయన లేచి, శాలువా మడత విప్పకుండా మళ్ళీ చంకలో పెట్టుకుని, చెప్పులు వెతుక్కున్నాడు.

మా వదిన గరిటె పారేసి పందుల దొడ్డి దాకా పరిగెత్తింది. వెనకే నేనూ వెళ్ళాను. ఇలాంటివి దూరం నుంచి వింటే నాకు నిద్ర పట్టదు.

"ఒరేయ్ కప్పా, వెళ్ళకురా," అంది వదిన తమ్ముడి చెయ్యి పట్టుకుని.

నెరిసిన మీసాలు, ఏనుగులాంటి మనిషి. ఆయన్ని కప్ప అని పిలవడం ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినలేదు. చిన్నప్పుడు సరస్సులోంచి బయటికొచ్చేవాడు కాదట. ఆ పేరు పెట్టింది వాళ్ళ పెద్దక్కట. ఆ పెద్దక్క ఎవరితోనో సరస్సు దాటి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ ఆవిడ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. వదిన కూడా నా చెవిలో అంతవరకే చెప్పి నోరు మూసుకుంది.

"నాకు దవడ కావాలా అక్కా? ఇంట్లో పది పందులున్నాయి," అన్నాడు జహోత్మన్. "మీ ఆయన నన్ను దాటుకుని పోయాడు. నేనేదో చాప మీద ముడతయినట్టు."

"వాక్యం చూసి భయపడ్డాడురా. నీ మీద కోపంతో కాదు."

"కోపమైతే సర్దుకునేవాణ్ణి."

అంటూనే ఆగాడు. ఆయన్ని ఆపింది మా వదిన చెయ్యి కాదు, వెనకనుంచి వచ్చిన టియుర్ గొంతు. జడ సగం అల్లుకుని, మిగతా సగం భుజం మీద వేలాడేసుకుని వచ్చింది మా పిల్ల. దువ్వెన ఇంకా చేతిలోనే ఉంది.

"మావయ్యా, ఒక్క పావుగంట కూర్చో. ఆ తర్వాత కూడా వెళ్ళాలనిపిస్తే నీ చెప్పులు నేనే తెచ్చిస్తాను."

మేనకోడలు చెప్పులు తెచ్చిస్తానంటే ఏ మేనమామ వెళ్తాడు. గొణుక్కుంటూ వెనక్కి తిరిగాడు.

వాకిట్లో ఎవరూ ముద్ద ఎత్తలేదు. అబ్బాయి తరఫున వచ్చిన నలుగురూ తమ గ్లాసుల్లోని కల్లును వేదం చదివినట్టు చూస్తున్నారు. గురువు ముందు పళ్ళెంలో దవడ పళ్ళన్నీ చూపిస్తూ కూర్చుంది. ఆ వాకిట్లో నవ్వుతున్నది అదొక్కటే.

మారిహోత్ గురువు చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. నలభైకి దగ్గర మనిషి, ఒంటిగాడు. మా పిల్లలకు పాటలు నేర్పాడు, మా ముసలివాళ్ళ పక్కన కూర్చుని చదివి వినిపించాడు. కానీ కిందటి ఆదివారం ప్రసంగంలో ఒక పిడుగు వేశాడు. మేనమామ కంటికి కనిపించే దేవుడని మా పెద్దలంటారు. అది విగ్రహారాధన అన్నాడు. దవడలు యాజకుడికి చెందాలని ద్వితీయోపదేశకాండంలో రాసి ఉంది, చూసుకోండి అన్నాడు. చూసుకున్నవాళ్ళు ఎవరూ లేరు. మా అన్నయ్య మాత్రం చూసుకోకుండానే వణికిపోయాడు.

"బావా, నేను కావాలని చేశానా?" అన్నాడు అన్నయ్య, ఎదురుగా కూలబడి. "కిందటి వానల్లో ఊపిరి ఆడక పోయేవాణ్ణి. ఈయన మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశాడు. లేచి తిరిగితే వాక్యంలో ఏముంటే అదే చేస్తానని మొక్కుకున్నాను. ఇప్పుడు మాట తప్పానంటే ఆ దెబ్బ నా మీద పడదు. పిల్ల సంసారం మీద పడుతుంది."

అలా అంటుంటే అన్నయ్య గడ్డం వణికింది. ఒక పక్క బావ దీవెన లేకపోతే పిల్ల పెళ్ళి లేదు. ఇంకో పక్క దేవుడికిచ్చిన మాట. అప్పటిదాకా వాడి మీద మండిపడుతున్న నాకు, ఆ గడ్డం చూసి కోపం చల్లారిపోయింది.

టియుర్ గురువు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"గురువుగారూ, ప్రభువు బల్లలో చేరే ముందు మీరు మాకు పాఠాలు చెప్పారు గుర్తుందా? ఒక్క వచనం చేత్తో తుంచుకుని తింటే అరగదు, ముందు వచనంతో, వెనక వచనంతో కలిపి తినాలి అన్నారు."

"అన్నాను," అన్నాడు గురువు. ఆయన చూపు అప్పుడే నేల మీదికి దిగింది.

"అయితే పద్దెనిమిదో అధ్యాయం మొదటినుంచి చదవండి. మీ గొంతులో వింటేనే బావుంటుంది."

గురువు బైబిలు తెరిచాడు. అబద్ధం చదవడం చేతకాని మనిషి, అది ఆయన కర్మ. లేవీ గోత్రపు యాజకులకు తక్కిన గోత్రాలతో పాటు భూమిలో వాటా లేదని, దేవుడే వాళ్ళ ఆస్తి అని, అందుకే జనం బలి ఇచ్చినప్పుడు అందులోంచి వాళ్ళకు తిండి పెట్టాలని చదివాడు.

"భూమిలో వాటా లేదా?" అన్నాను నేను. "మరి వాగు పక్కన మొన్న కంచె వేసిన మడి ఎవరిది గురువుగారూ? లేవీయులదా, మీదా?"

అబ్బాయి తరఫు వాళ్ళలో ఒకాయనకు కల్లు పొలమారింది. గురువు చెవులు ఎర్రబడ్డాయి.

"నన్ను ఆడిపోసుకోవడం కాదు అమ్మా, వాక్యం ఉంది కదా."

"ఉంది. నేనూ వింటున్నాను," అన్నాడు జహోత్మన్. ఇంకా నిలబడే ఉన్నాడు, కానీ చెప్పులు మాత్రం వదిలేశాడు. "మూడో వచనం కూడా చదవండి. ఏ జంతువు దవడ?"

గురువు గొంతు సవరించుకున్నాడు. "ఎద్దు గాని, గొర్రె గాని."

"నేను పందులు పెంచుకునేవాణ్ణి, అందుకే అడుగుతున్నాను. పంది సంగతి ఆ పుస్తకంలో ఎక్కడైనా ఉందా?"

గురువు బైబిలు మూయబోయాడు. అది చూస్తేనే ఉందని అందరికీ తెలిసిపోయింది. టియుర్ చేత్తో మెల్లిగా పేజీలు వెనక్కి తిప్పి పద్నాలుగో అధ్యాయం దగ్గర ఆపింది. ఆయన చదివాడు. పంది మీకు అపవిత్రం, దాని మాంసం తినకూడదు, దాని కళేబరం ముట్టుకోకూడదు.

పొయ్యి దగ్గర గరిటెలు ఆగిపోయాయి. మిరియం ఘాటుతో నోరూరిస్తున్న ఆ నల్లటి కూర డేగిశాల వైపు ఊరంతా తల తిప్పింది. పొద్దున్నే ఒక గిన్నె ఖాళీ చేసి వచ్చిన పెద్దమనిషి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అంటే," అన్నాడు అన్నయ్య నీరసంగా, "దవడ మీకు ఇవ్వాలి. పందిని అసలు కొయ్యకూడదు. రెండూ ఎలా చెయ్యను గురువుగారూ? అపవిత్రమైన దవడ తెచ్చి దేవుడి మనిషి ముందు పెట్టానా నేను?"

ముందు నవ్వింది మా వదినే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. తర్వాత నేను. తర్వాత జహోత్మన్ మీసాలు కదిలాయి. అన్నయ్య ఒక్కడే నవ్వలేదు. వాడికి అది నిజంగా ప్రాణం మీదికొచ్చిన సంగతి, ఊరు నవ్వేకొద్దీ వాడి ముఖం పాలిపోతోంది. గురువు అది చూశాడు. ఆయన్ని నేను గౌరవించేది అందుకే. తన పరువు పోతున్న గడియలో కూడా ఎదుటివాడి భయం ఆయన కంట పడింది.

"హుమాలా అయ్యా, భయపడకండి," అన్నాడు. బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆదివారం గొంతు కాదు, పిల్లలకు చెప్పే గొంతు వచ్చింది. "ఈ మాటలు ఎవరితో అన్నాడు, ఎప్పుడన్నాడు అని ముందు చూడాలి. ఐగుప్తు నుంచి బయటపడి కొత్త దేశంలో అడుగుపెట్టబోతున్న ఒక జనం. వాళ్ళకొక బలిపీఠం, దాని దగ్గర పనిచేసే ఒక గోత్రం. వాళ్ళు ఏం తినాలి, ఎవరికి పెట్టాలి అని వాళ్ళకు చెప్పిన కట్టడ అది. క్రీస్తు వచ్చాక మనకు ఆ బలిపీఠమూ లేదు, ఆ యాజకులూ లేరు. ఈ కూర తిన్నందుకు మీకేమీ కాదు. మీ తాతలకూ ఏమీ కాలేదు."

"మరి దవడ?" అన్నాడు అన్నయ్య.

పందిని విడిపించిన తాళంచెవితోనే దవడ కూడా బయటికి పోయిందని గురువుకు అప్పుడు తెలిసింది. ఒక్క క్షణం చూశాడు దాని వైపు. తర్వాత ఆ పళ్ళెం తనే ఎత్తి, మోకాళ్ళ మీద జరుగుతూ వెళ్ళి, జహోత్మన్ ముందు పెట్టాడు.

"తప్పు నాది. వచనాన్ని సగంలో కోశాను. పాఠం చెప్పినవాణ్ణి నేనే, తప్పినవాణ్ణీ నేనే."

"నా మొక్కు?" అన్నయ్య ఇంకా వదల్లేదు.

"నువ్వు మొక్కింది దేవుడికి," అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ. "దవడకు కాదు. కూర్చుని తిను."

అప్పటికి అన్నయ్య ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి ఆదివారం నుంచి లోపలే ఉండి ఉంటుంది. జహోత్మన్ ముందు చేతులు జోడించి, "దాటుకుని పోయాను బావా. మన్నించు," అన్నాడు. పెద్దమనిషి అరుగెక్కి, పెళ్ళికూతురి మేనమామ జహోత్మన్‌కు దవడ అని ఊరు వినేలా పిలిచాడు. జహోత్మన్ శాలువా మడత విప్పి టియుర్ భుజాల మీద కప్పాడు. దీవెన మాటలు సగం గొంతులోనే ఉండిపోయాయి, మిగతా సగం మీసాల్లో ఇరుక్కున్నాయి. అయినా మా పిల్లకు అన్నీ వినిపించాయి. సగం జడ శాలువా కింద దూరిపోతే తీసి సరిచేశాను. ఏడవడం నాకు సరిపడదు, దగ్గు వచ్చిందని చెప్పాను.

ఇక్కడితో ముగించి మీకు కూర వడ్డించవచ్చు. జహోత్మన్ ముగించనివ్వలేదు.

అందరి పేర్లూ అయిపోయాయి. మెడ వెళ్ళింది, తల వెళ్ళింది, పక్కటెముకలు వెళ్ళాయి. గురువు చివరి చాప మీద ఒక్కడూ కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు. జహోత్మన్ తన పళ్ళెం ఎత్తుకుని వెళ్ళి ఆయన పక్కన చతికిలబడ్డాడు. వాళ్ళకు కారం అందిద్దామని నేనూ వెళ్ళాను. కారం వంక మాత్రమే.

"గురువుగారూ, మీరు తిండిపోతు కాదని చూస్తేనే తెలుస్తోంది," అన్నాడు జహోత్మన్. "ఇంత చదువుకున్నవాళ్ళు, ఇంత చిన్న దవడ కోసం వచనాన్ని ఎందుకు కోశారు?"

గురువు పళ్ళెం కాస్త పక్కకు జరిపి ఆయనకు చోటిచ్చాడు.

"ఈ ఊళ్ళో ఎన్ని విందులకు వెళ్ళానో," అన్నాడు. "కడుపునిండా పెడతారు. ఎవరూ ఏ లోటూ చెయ్యరు. కానీ అరుగు మీదనుంచి నా పేరు ఒక్కసారి కూడా పిలవలేదు. బంధువులకు ఒక్కో ముక్క ఉంది. నాది ఏ ముక్క? వెతికాను. వెతికితే ఆ వచనం కనిపించింది. ముందు ఏముందో, వెనక ఏముందో నాకు తెలుసు. తెలిసే చూడలేదు."

నేను కారం గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను. నా కొట్లో రోజూ కాఫీ తాగే మనిషి. ఒక్కసారి కూడా నేను అడగలేదు.

"పిలవాలంటే ఎవరి కొడుకో తెలియాలి కదయ్యా," అన్నాడు జహోత్మన్. "వచనమైనా మనిషైనా మధ్యలోంచి చదివితే ఏం తెలుస్తుంది? మీ మొదటి వచనం చదవండి. మీ అమ్మ ఎవరు?"

ఆ ప్రశ్నకు గురువు జవాబు ఊరంతటికీ కంఠతా వచ్చు. ఎవరు అడిగినా అదే చెప్పేవాడు. ఇప్పుడూ అదే వచ్చింది. "నా తల్లి ఎవరు, నా సహోదరులు ఎవరు అని ప్రభువే అన్నాడు."

మేమంతా ఇన్నాళ్ళూ ఎంత భక్తి అనుకుని ఊరుకున్నాం. నీళ్ళ చెంబు తెచ్చిన మా వదిన మాత్రం ఊరుకోలేదు. ఆయన ఎదురుగా కూర్చుంది.

"అన్నాడు బాబూ. అన్న ఆయనే సిలువ మీద ఊపిరి పోతూ కూడా తల్లి కోసం కిందికి చూశాడు. ఈమె నీ తల్లి అని శిష్యుడికి అప్పగించాడు. నువ్వు అక్కడిదాకా చదవలేదా?"

గురువు చేతిలో ముద్ద ఆగిపోయింది. కళ్ళు నిండాయి. దాచుకోలేదు.

"మా అమ్మ రబ్బరు తోటల్లో పాలు గీసేది. తను సరస్సు ఇవతల పుట్టానని చెప్పింది గానీ, ఊరు చెప్పలేదు. చెడగొట్టుకుని వచ్చిన ఇంటి పేరు ఎత్తే హక్కు నాకు లేదనేది. అమ్మ మీద ఎవరూ మాట తూలకూడదని నేనూ ఎవరికీ చెప్పలేదు. కానీ ప్రతి క్రిస్మస్‌కీ, ఎంత లేకపోయినా, సంతలో ఒక దవడ కొని వండేది. పళ్ళెంలో పెట్టి ఆకు కప్పి గుమ్మం పక్కన ఉంచేది. అది తమ్ముడి వాటా అనేది. ఏ తమ్ముడూ వచ్చేవాడు కాదు. పొద్దున్నే నేను తినేవాణ్ణి."

"తమ్ముడి పేరు?" అంది వదిన. ఆమె గొంతు నాకు వింతగా వినిపించింది.

"అసలు పేరు ఎప్పుడూ అనలేదు. కప్పగాడు అనేది. కప్పగాడికి ఆకలేస్తుంది, ముట్టుకోకురా అనేది."

వదిన చెయ్యి తగిలి చెంబు దొర్లిపోయింది. నీళ్ళు చాప మీద పారుతున్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. జహోత్మన్ దవడ వైపు చూశాడు. గురువు ముఖం వైపు చూశాడు. ఆ నుదురు, ఆ చెవులు జహోత్మన్‌వేనని ఇన్నాళ్ళూ మాకు ఎందుకు కనబడలేదో.

"తియోదోర్," అన్నాడు జహోత్మన్. "మీ అమ్మ పేరు తియోదోర్. ఉందా? మా పెద్దక్క ఉందా?"

గురువు లేవబోయి లేవలేకపోయాడు.

"ఆ మడి కొన్నది ఆమె కోసమే," అన్నాడు. "ఈ ఒడ్డుకు రానంటే రానని మొండికేసింది. ఇన్నాళ్ళూ బతిమాలాను. మొన్ననే ఒప్పుకుంది. ఈ సాయంత్రం పడవకి వస్తానంది."

రేవు వైపునుంచి పడవ కూత వినిపించింది.

నా కొట్టు తాళం వేసి ఉంది. దిగే ఆవిడ కూర్చోవడానికి బల్ల కూడా బయట లేదు. తాళంచెవి కోసం నడుం తడుముకుంటూ నేను లేచేసరికే జహోత్మన్ వాకిలి దాటేశాడు. చెప్పులు వేసుకోలేదు. దవడ పళ్ళెం మాత్రం రెండు చేతులా గట్టిగా పట్టుకుని, దాని మీద ఆకు ఒకటి కప్పి, రేవు దిక్కుగా పరిగెడుతున్నాడు.